రంగుల దీపాలు, నల్ల తెర

తడి గోనెసంచి విప్పి హేమలత తునికాకులు ఒక్కొక్కటే తీసి కత్తిరిస్తోంది. ఆకు మీద కొలత రేకు పెట్టడం, రేకు చుట్టూ కత్తెర నడపడం, ముక్కను చాటలో వేయడం. ఆదివారమైనా బీడీల పని ఆగదు. చేతులు ఆకుల మీదే ఉన్నాయి గానీ, కళ్లు మాటిమాటికీ ఎదురుగా స్టూలు మీదున్న ల్యాప్‌టాప్ వైపు పోతున్నాయి.

ల్యాప్‌టాప్ కీల కింద ఏడు రంగుల దీపాలు అలలు అలలుగా వెలుగుతున్నాయి. పైన తెర మాత్రం కడిగిన పలకలా నల్లగా ఉంది.

"ఎలుగుతుంది కదనే?" అంది హేమలత.

"కింద ఎలుగుతుందమ్మా. పైన ఎలుగుతలేదు."

"గన్ని లైట్లున్నయి, ఒక్కటన్న పైకి రాదా?"

కూతురు రచన బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంది. దీపాలు ఆరిపోయాయి. మళ్లీ నొక్కింది. దీపాలు మళ్లీ వచ్చాయి. తెర రాలేదు.

రేపు పొద్దున హైదరాబాదు కంపెనీ వాళ్లు వీడియోలో పిలుస్తారు. కొత్తగా చేరేవాళ్లు తమ మిషన్ మీద విండోస్‌కు బదులు లినక్స్ నడిపి, అందులో కంపెనీ ప్రోగ్రాం తెరిచి, ఒక చీరను తిప్పి చూపించాలి. బట్ట మీది డిజైను కట్టుకుంటే ఎలా పడుతుందో తెర మీద చూపించే ప్రోగ్రాం అది. లినక్స్ మీద తప్ప నడవదు. రేపు చూపించలేకపోతే ఆ ఉద్యోగం వరుసలో వెనకున్న వాళ్లకు పోతుంది. సిరిసిల్ల దాటకుండా, ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. అలాంటిది ఇంకోటి వస్తుందన్న నమ్మకం రచనకు లేదు.

ఎలాంటి మిషన్ కొనాలో కూడా వాళ్లు ముందే చెప్పారు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, లినక్స్‌తో బాగా నడిచే చిన్న చిప్పు చాలు, మాలో సగం మంది పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లే వాడుతున్నాం అన్నారు. ఆ మాట రచన ఇంట్లో అందరికీ చెప్పింది. ఫోన్లో కోరుట్లలో ఉండే బావకూ చెప్పింది. అందరూ విన్నారు. విన్న తర్వాత, జగిత్యాల దుకాణంలో అన్నిటికన్నా పెద్ద కార్డు ఉన్న ల్యాప్‌టాప్ శుక్రవారం బావ కానుకగా ఇంటికి వచ్చింది.

వెనక మరమగ్గాల షెడ్డు తలుపు తీసుకుని తండ్రి రాజయ్య లోపలికొచ్చాడు. సాంచెల దగ్గర్నుంచి వచ్చాడేమో, మీసాల మీద కూడా నూలు పీచు ఉంది.

"ఇంక కాలేదా బిడ్డా?"

"కాలేదు బాపు."

"జెర నిమ్మలంగ చూడు. కొత్త మిషన్ గద, అలవాటు కావాలె."

"దానికి నేను అలవాటు కావాల్నా, నాకు అది అలవాటు కావాల్నా?" రచన గొంతు మామూలుగానే ఉంది. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది. "సాంచె కొనేటప్పుడు నువ్వేం చేస్తవు బాపు? నీ నూలు ఎక్కించి, నేసి చూసి గద కొంటవు. గీ లాప్‌టాప్ గట్లనే, లినక్స్ ఉన్న నా పెన్‌డ్రైవ్ పెట్టి నడిపి చూసినంకనే తీసుకోవాలె అని చెప్పిన. చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు. కానీ నేను కొన్ననా? అల్లుడిచ్చిండు. ఇచ్చినదాన్ని నడిపి చూసి తీసుకుంటరా ఎవలన్న?"

మూలన మంచం మీద పడుకున్న రాజయ్య తల్లి లసుమవ్వ అటు తిరిగే మాట్లాడింది. "బొట్టు తుడిసింది. గందుకే అలిగింది అది."

"కెమెరా మీద పెట్టినవు బాపమ్మా బొట్టు. రేపు వాళ్లకు నా మొకం కనబడాలె."

"మరి నొసలు అదే గద?"

రచన బటన్ మళ్లీ నొక్కి పట్టుకుంది.

వాకిట్లో బండి ఆగింది. హేమలత కొంగు సర్దుకుని కొంచెం పక్కకు జరిగింది. రాజయ్య మీసాల మీది పీచు తుడుచుకున్నాడు. ముందు అల్లుడు మహిపాల్ వచ్చాడు, వెనక రచన అక్క సృజన. ఆమె చేతిలో అరటిపండ్ల కవరు, ముఖం మీద ఎండ.

"ఏడ మామా! వేములవాడల ఆదివారం రష్షు, గుడి మలుపు కాడ అర్ధగంట ఆపిండ్రు," అంటూ మహిపాల్ హెల్మెట్టూ తాళాల గుత్తీ కిటికీలో పెట్టి కుర్చీ లాక్కున్నాడు. "ఏమే మరదలా, మిషన్‌ను పరేషాన్ చేస్తున్నవట?"

"అదే నన్ను చేస్తుంది బావ."

హేమలత అల్లుడితో నేరుగా మాట్లాడదు. కత్తెర వైపు చూస్తూ, "సృజనా, మంచినీళ్లియ్యి. ఎండల పడి అచ్చిండ్రు," అంది.

సృజన నీళ్లిచ్చింది. తర్వాత తల్లి పక్కన కూర్చుని, ఎవరూ అడగకుండానే రెండో కత్తెర తీసుకుంది. పెళ్లయి నాలుగేళ్లయినా ఆకు మీద రేకు ఎక్కడ పెట్టాలో ఆమె వేళ్లకు గుర్తుంది.

మహిపాల్‌కు కోరుట్ల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు, జిరాక్సు దుకాణం ఉంది. కంప్యూటర్ల గురించి ఈ ఇంట్లో ఆఖరి మాట తనదేనని పెళ్లినాటి నుంచీ అతని నమ్మకం. ల్యాప్‌టాప్‌ను ముందుకు లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. ఊదాడు. కీలన్నీ ఒకసారి తడిమాడు.

"చార్జర్ పెట్టినవా?"

"పెట్టిన."

"ప్లగ్గు వదులున్నదేమో."

"లైట్లెట్ల ఎలుగుతయి మరి?"

మహిపాల్ దీపాల వైపు చూసి గర్వపడ్డాడు. "చూసినవా, ఎట్ల మెరుస్తున్నయో! జగిత్యాల షాపుల బాలకిషన్ కార్ల ఆట పెట్టి చూపెట్టిండు. కార్లు ఉరుకుతుంటె మొకానికి గాలి తాకినట్టే ఉండె."

"గది విండోస్ మీద బావ. విండోస్ మీద ఇప్పటికీ నడుస్తది. లినక్స్ పెడితెనే తెర పోతుంది."

"అయితే విండోసే వాడుకో. ఎవలద్దన్నరు?"

"కంపెనీ వాళ్లద్దన్నరు. వాళ్ల ప్రోగ్రాం దాని మీద నడవది."

"గదేం కంపెనీనే? పైసలియ్యకుంట ఫుకట్ల దొరికేది వాడుకునేటోళ్లు నీకు జీతమేమిస్తరు?"

సృజన చేతిలో కత్తెర ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచింది.

రాజయ్య మధ్యలో కలగజేసుకున్నాడు. "అల్లుడు అడిగేది బరాబరే గదనే. పెద్ద కార్డు అంటే ఎక్కువ పని చెయ్యాలె. చిన్నది చేసే పని పెద్దది ఎందుకు చెయ్యది?"

రచన కళ్లు మూసుకుని తెరిచింది. ఇదే ప్రశ్నకు జవాబు శుక్రవారం చెప్పింది, నిన్న చెప్పింది.

"బాపు, గా కార్డును నడిపించే ప్రోగ్రాం ఒకటుంటది. చిన్న చిప్పులు చేసేటోళ్లు దాన్ని రాసి లినక్స్‌లనే కలిపి ఇస్తరు. పెట్టంగనే నడుస్తది. గీ పెద్ద కార్డోళ్లు కలపలే. వాళ్లది వాళ్ల దగ్గరనే పెట్టుకుండ్రు. సాంచె పంపి, దాన్ని బిగించే పానాలు దాసుకున్నట్టు. బయటోళ్లు అందాజగ రాస్తే గిట్లుంటది. కార్డు కొత్తదాయె, అందాజ గుడ ఇంక కుదరలే."

"వాళ్ల దగ్గరున్నది అడిగి తెచ్చుకోరాదు?"

"తెచ్చిన. ఎక్కించిన. తెర అచ్చింది. మూత మూసి తెరిస్తే మళ్లా పోయింది. నిన్నంత గదే గద చేసిన?"

"పోతే మూత ముయ్యకు!" అన్నాడు మహిపాల్, దొరికిందన్నట్టు.

"ముయ్యకున్నా పోతుంది బావ," అని రచన ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. కార్డును పక్కన పెట్టి తెరను ఎలాగోలా తెప్పించే దారి ఒకటుంది. అది పెట్టింది. తెర వెలిగింది. మహిపాల్ చప్పట్లు కొట్టాడు. రచన కంపెనీ ప్రోగ్రాం తెరిచింది. ఆకుపచ్చ చీర కట్టిన బొమ్మ కనిపించింది. మౌసుతో దాన్ని తిప్పింది.

బొమ్మ తల తిరిగింది. నడుము తిరగలేదు. అందరూ చూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి నడుము తిరిగింది. కుచ్చిళ్లు అక్కడే ఉన్నాయి. లసుమవ్వ కూడా లేచి కూర్చుని చూసింది.

"పక్షవాతమచ్చిందా గామెకు?" అంది.

"అచ్చింది గద తెర!" అన్నాడు మహిపాల్.

"రేపు వాళ్ల ముంగట గిట్లనే చూపియ్యాల్నా బావ?"

"నీకు పెద్దదిస్తే విలువ లేదు." మహిపాల్ గొంతు మారింది. "ఇంట్ల ఎవలికి లేని మిషన్ తెచ్చి ఇచ్చిన. షోరూముల రెండే ఉండె, బతిమిలాడి తెచ్చిన. నా షాపుల మీ అక్క పాత డబ్బా పెట్టుకొని బిల్లులు కొట్టుకుంటున్న నేను. దానికి కార్డే లేదు. దాని మీద బతుకుతలేనా?"

"గది నడుస్తది బావ," అంది రచన.

"ఏది?"

"అక్కది. దాని మీదనే గద నేను లినక్స్ నేర్చుకున్నది. మొన్న ఎండకాలం కోరుట్ల అచ్చినప్పుడు గుడ గీ పెన్‌డ్రైవ్ పెట్టి చూసిన. తెర, వైఫై, మూత మూసి తెరుసుడు, అన్ని మంచిగ నడిసినయి."

ఆ ల్యాప్‌టాప్ సృజన పెళ్లికి ముందు కరీంనగర్‌లో పనిచేసినప్పుడు తన జీతంతో కొనుక్కున్నది. ఏదో ఆఫీసు వాళ్లు వాడి తీసేసినది, నల్లగా, మందంగా ఉంటుంది. పెళ్లయ్యాక ఉద్యోగం పోయింది, ల్యాప్‌టాప్ దుకాణంలోకి పోయింది. ఈ విషయం ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మహిపాల్ దగ్గాడు. "ఆగు ఆగు. డబ్బా ముచ్చట ఎందుకు? బాలకిషన్ నా దోస్తు. మార్చుమంటె మారుస్తడు."

ఫోను తీసి స్పీకర్ పెట్టాడు. జగిత్యాల నుంచి బాలకిషన్ గొంతు ఇల్లంతా వినిపించింది.

"మారుస్తనే, గంత పెద్ద ముచ్చటనా? చిన్న చిప్పుది ఉన్నది, ఆఫీసులోళ్లు తీసుకపోయేది."

"బావ, పెన్‌డ్రైవ్ పెట్టి చూసుకోనిస్తడా అడుగు," అంది రచన.

"చూసుకోనియ్యి, నాకేం పాయె! సాయంత్రం దాక తెరిచే ఉంట. కానీ అన్నా, అట్టడబ్బా, చార్జరు ఉండాలె. మీద గీత పడొద్దు. గీత పడితే మా పైవాళ్లు తీసుకోరు. కింద స్టిక్కరుంటది సూడు, నంబరుది. దాని ఫోటో కొట్టి పంపు, గిప్పుడే కొత్తది పక్కకు పెట్టిస్త."

మూడు రోజుల్లో మొదటిసారి రచన భుజాలు కిందికి దిగాయి. "విండోస్ అట్లనే ఉంది బావ, నేను తీసెయ్యలే. గీత గుడ పడలే. గుడ్డ మీదనే పెడుతున్న," అంది గబగబా. హేమలత బీడీ ఆకు చాటలో వేసి దండం పెట్టినట్టు చేతులు కలిపింది.

రాజయ్య మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఫోటో ఎందుకు? దీస్కపోయి చూపెడితే అయిపాయె."

"ఫోటో అడుగుతుండు బాపు."

"గిప్పుడే ఎందుకంట? అన్నం తినుండ్రి ముందు. అల్లుడు ఎప్పుడు తిన్నడో ఏమో."

"ఒక్క నిమిషం పని."

"రచనా, ఆగు..."

రచన అప్పటికే మూత మూసి ల్యాప్‌టాప్‌ను బోర్లించింది.

గాలి పోయే సందుల కింద, నల్లటి రేకు మీద, తెల్లటి చుక్కలతో చెక్కిన అక్షరాలున్నాయి. అటొక పువ్వు, ఇటొక పువ్వు. మధ్యలో, 'అల్లుడు మహిపాల్ – సృజన, కోరుట్ల'. అక్షరాలు రేకు మీద మొదలై స్టిక్కరు మీదుగా పోయాయి. నంబరు సగం చుక్కల్లో మునిగిపోయింది.

పెళ్లిలో పెట్టే బిందె మీద, పురుడికి ఇచ్చే గిన్నె మీద ఎలా ఉంటుందో, అచ్చం అలాగే.

శుక్రవారం సాయంత్రం రాజయ్య ల్యాప్‌టాప్‌ను గుడ్డలో చుట్టుకుని, దోస్తులకు చూపెట్టుకొస్తనని పోవడం రచనకు గుర్తొచ్చింది.

"బాపు, గిదేంది?"

రాజయ్య అల్లుడి వైపు చూడలేదు, కూతురి వైపూ చూడలేదు. "గిన్నెల దుకాణపాయన అద్దనే అన్నడు. నేనే కొట్టుమన్న. మీద కొడితే ఖరాబైతదని కింద కొట్టిచ్చిన."

"ఎందుకు బాపు?"

"తమ్ముని ఇంట్ల పెండ్లిల అల్లుడు అన్నడు గద, పదిమందిల. గా ఇంటికి నేను ఎంత చేసినా ఎవల నోటెంట నా పేరు రాదు అని. నాకు మనసున పడ్డది. ఇగ ఎన్నటికీ పోకుంట ఉండాలె అని..."

మహిపాల్ ముఖం మీదికి ముందు ఒక మెరుపు వచ్చింది. తన పేరు, పువ్వులతో. ఆ మెరుపు అలాగే ఉండగా కోపం కూడా వచ్చింది. రెండింటిలో ఏది ఉంచుకోవాలో తెలియక కొంతసేపు ల్యాప్‌టాప్‌నే చూశాడు.

"అన్నా, పంపినవా?" ఫోనులో బాలకిషన్.

"ఏం పంపాలెరా? దాని మీద..." గల్లీలో నాలుగు దిక్కులా సాంచెలు మోగుతున్నాయి. ఆ మోతలో వినిపించాలని మహిపాల్ గట్టిగా అరిచాడు. "లాప్‌టాప్ మీద నా పేరు కొట్టిచ్చిండ్రురా!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అతని మాట గల్లీ చివరి దాకా పోయింది. ఎదురింటి కిటికీలో ఒక తల కనిపించింది.

"గిన్నె మీద కొట్టిచ్చినట్టా?" అని బాలకిషన్ నవ్వు ఆపుకుంటూ అడిగాడు. "నేనేం చెయ్యాలె అన్నా? మా పైవాళ్లకు ఏమని చెప్పి పంపాలె? ఇగ అది నీదే."

ఫోను పెట్టేశాడు.

ఫ్యాను కూడా ఆగిపోయింది. కత్తెర చప్పుడు ఒక్కటే. సృజనది.

రచన ఆ అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా అంది, "సరె. అయిందేదో అయింది. బావ, గిది నువ్వే తీస్కపో. షాపుల పెట్టుకో. విండోస్ మీద నీ బిల్లులు, ఆటలు అన్ని నడుస్తయి. నీ పేరు నీ షాపులనే ఉంటది. అక్కది నాకియ్యి. ఇయ్యాల పోయి తెచ్చుకుంట. అంతే. అయిపాయె."

అంత సులువైన మాటకు ఇంట్లో అందరూ ఒకేసారి తలెత్తారు. ఒప్పుకోవడానికి కాదు.

"వాపస్ పంపుతవా?" లసుమవ్వ మంచం దిగింది. "పేరు కొట్టిచ్చి ఇచ్చినోని ఇంటికే వాపస్ పంపుతరానే ఎవలన్న? గది మొకం మీద కొట్టినట్టే గద?"

"పేరు కొట్టిచ్చింది మనమే బాపమ్మా!"

"ఎవలు కొట్టిస్తేంది, పేరు పేరే."

"బరాబర్ అన్నది అవ్వ," అన్నాడు మహిపాల్. "దీస్కపోయి ఇంట్ల పెడితే మా అమ్మ ఏమంటది? మీ అత్తగారోళ్లు నీ పేరుతో సహా తిరుగగొట్టిండ్రు అంటది. ఇచ్చి గుంజుకొచ్చిండని బజార్ల అంటరు. నాకు ఇజ్జత్ లేదా?"

"కిందుంటది బావ. ఎవలు తిప్పి చూస్తరు?"

"నాకు తెలుసు గద!"

"అల్లుడు చెప్పేది..." అంటూ రాజయ్య మొదలుపెట్టి, కూతురి ముఖం చూసి ఆపేశాడు.

రచన అందరినీ ఒకసారి చూసింది. "మీకు పేరు కావాలె, బాపుకు మర్యాద కావాలె, బాపమ్మకు బొట్టు కావాలె. రేపు పొద్దుగాల వాళ్లు పిలిస్తే నేనేం చూపెట్టాలె? గీ పువ్వులు చూపెట్టాల్నా?"

హేమలత నోరు తెరిచి, అల్లుడు ఎదురుగా ఉన్నాడని మూసుకుంది.

"ఒక్క నౌకరి పోతే ఏమైతదే," అన్నాడు మహిపాల్, ఈసారి కొంచెం మెత్తగా. "మీ అక్క గుడ చేసింది నౌకరి. ఇడిసిపెట్టలేదా? ఏం తక్కువైంది? గామెనే అడుగు. ఏమే, నీ డబ్బా ఇద్దామంటవా, షాపు బందు పెట్టుకొని?"

అందరూ సృజన వైపు తిరిగారు. వచ్చినప్పటి నుంచి ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు గమనించారు.

సృజన చేతిలోని ఆకును చివరి దాకా కత్తిరించింది. ముక్కను చాటలో వేసింది. కత్తెరను గోనెసంచి మీద పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుని లేచింది.

స్టూలు దగ్గరికొచ్చి, ల్యాప్‌టాప్ అంచున గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్ లాగింది. రచన ఏదో అనబోయింది. సృజన ఆమె తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. అంతే.

తర్వాత కిటికీ దగ్గరికి పోయింది. హెల్మెట్ పక్కనున్న తాళాల గుత్తి తీసుకుని, ఇనుప రింగులో గోరు పెట్టి, ఒక తాళాన్ని చుట్టూ తిప్పి బయటికి తీసింది. మిగిలిన గుత్తిని ఉన్నచోటే పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

"ఏడికే?" అన్నాడు మహిపాల్.

సృజన చెప్పులేసుకుంది.

"సృజనా! ఎండ గట్టిగున్నది బిడ్డా..." హేమలత వాకిలి దాకా వచ్చింది.

కరెంటు వచ్చింది. ఒక ఇంట్లో ఒక సాంచె, పక్కింట్లో ఇంకోటి, ఆ వెనక అన్నీ మోగడం మొదలుపెట్టాయి. ఎవరేం పిలిచినా ఇక వినిపించదు. మహిపాల్ పరుగున పోయి గుత్తి అందుకున్నాడు. రింగులో బండి తాళం ఉంది. దుకాణం తాళం లేదు.

సృజన గల్లీ మలుపు దగ్గర ఆగింది. చెయ్యి ఊపి, కోరుట్ల దారిన వేములవాడ వైపు పోయే ఆటోను ఆపి, వెనక్కి చూడకుండా ఎక్కింది.